లప్పం కింది గోడ

రంగుల కంపెనీ ఇద్దరికి టికెట్లు ఇచ్చింది. నర్సింగరావు ఒక్కడే పోయాడు.

జనగామ పాత బజారులో ముప్పై ఎనిమిదేళ్ళ నుంచి రంగుల దుకాణం నడుపుతున్న మనిషి. తరిగొప్పుల బడిలో ఏడో తరగతితో చదువు ఆపి, మేనమామ కొట్లో సున్నం తూకం వేస్తూ ఈ వ్యాపారంలోకి వచ్చాడు. ఆ ఏడు అమ్మకాలు బాగున్నాయని కంపెనీ చుట్టుపక్కల జిల్లాల డీలర్లను జంటలుగా స్పెయిన్ దేశం తీసుకుపోతానంది. "మేడమ్ లేరు కదా సార్, ఇంకెవరినైనా తోడు తెచ్చుకోండి" అన్నాడు కంపెనీ మేనేజరు ఫోనులో.

"ఉన్న తోడే ఉండకపాయె. కొత్త తోడు నీ కంపెనీ ఇస్తదా" అని నర్సింగరావు ఫోను పెట్టేశాడు.

అతనికి స్పెయిన్ మీద మోజు లేదు. పోవడానికి ఒకటే కారణం. ఇంట్లో ఒక గోడకు రంగు వేయించాలి. తను ఇంట్లో ఉంటే అది జరగదని అతనికి తెలుసు. నాలుగుసార్లు పెయింటరును పిలిపించి నాలుగుసార్లూ తిట్టి పంపించాడు. ఎందుకు తిట్టాడో తనకే తెలియదు.

గోడ సంగతి చెప్పాలి. దుకాణం ముందు, ఇల్లు వెనక. మధ్యన సన్నటి నడవ. నడవ చివరి గదిలో అతని భార్య వనమాల పదకొండు నెలలు మంచాన ఉంది. పక్షవాతం. కుడి చెయ్యి, కుడి కాలు, మాట ఒక్క పూటలో పోయాయి. ఎడమ చెయ్యి మిగిలింది. ఆ చేత్తో గాజులకు తగిలించుకున్న పిన్నీసు తీసి మంచం పక్క గోడను గీరేది. ఆకుపచ్చ ఆయిల్ పెయింటు మీద తెల్లటి గీతలు పడేవి. పొద్దున గీరేది, మధ్యాహ్నం గీరేది. పిన్నీసు లాక్కుంటే గాజు ముక్కతో గీరేది.

చూడవచ్చిన చుట్టాలు రోగిని ఒకసారి చూసి గోడను రెండుసార్లు చూసేవాళ్ళు. రంగులమ్మేవాడి ఇంట్లో ఈ గోడేమిటి అన్నట్టు. ఆ చూపులు పడలేక నర్సింగరావు రెండుసార్లు తనే కుంచె పట్టి పూశాడు. గీకితే దుమ్ము ఆమె ముక్కులోకి పోతుందని గీకలేదు. పాత రంగు మీదే కొత్త రంగు పూశాడు. ముప్పై ఎనిమిదేళ్ళు ప్రతి పెయింటరుకూ "ముందు గీకు, తర్వాత పుయ్యి" అని చెప్పిన మనిషి చేసిన పని అది. పూసిన మర్నాడే ఆమె మళ్ళీ పిన్నీసు తీసింది. మూడోసారి అతను పూయకముందే పోయింది.

ఆ గీతలేమిటో అతనెన్నడూ నిలబడి చూడలేదు. ఒక నిలువు డబ్బా. అందులో బోర్లించిన కుండ లాంటిది. కుండ మీద గుండ్రటి కాయ. అదే బొమ్మ, మళ్ళీ మళ్ళీ. ఆమెకు స్నానం చేయించడానికి వచ్చే సోమక్క అది గుడి అనీ, లోపల శివలింగమనీ తేల్చి, ఒక కాయకు కుంకుమ బొట్టు కూడా పెట్టింది. నర్సింగరావు నమ్మలేదు. అది కక్ష అనుకున్నాడు.

కక్షకు కారణం ఉంది. రంగుల దుకాణంలో డబ్బాలు తిరిగి వస్తుంటాయి. రంగు కలిపాక ఇది మేమడిగిన రంగు కాదని గిరాకీ వాళ్ళు పడేసి పోతారు. ఆ డబ్బాలన్నీ నర్సింగరావు ఇంటి గోడలకు ఎక్కాయి. వంటింటికి ఎవరో వద్దన్న గులాబీ, హాలుకు ఎవరో వద్దన్న పసుపు, ఈ గదికి ఏదో హాస్టలు వాళ్ళు వద్దన్న ఆకుపచ్చ. "మంది వద్దన్నయన్ని మన గోడలకే" అనేది వనమాల. ఒక్కసారి, పెళ్ళయిన పదో ఏటనో ఏమో, రంగుల పుస్తకంలో ఒక నీలం చూపించి ఈ గదికి అది వేయమని అడిగింది. చూద్దామన్నాడు. చూద్దామన్నవి ఎన్నడు చూశాడు గనక.

సంవత్సరీకం దగ్గరికి వచ్చింది. నలుగురు వచ్చి ఆ గదిలో కూర్చుంటారు. అందుకని బయలుదేరే ముందు రోజు పెయింటర్ హన్మంతును గోడ ముందు నిలబెట్టాడు.

"ఈ గోడ గీకాలె. పైపైన కాదు, లోపలి ప్లాస్టరు కనబడాలె. ఆ మీద లప్పం, ప్రైమరు, రెండు కోటింగులు తెల్ల రంగు. నేనొచ్చేసరికి ఈడ ఏదన్న ఉండె అన్న గుర్తు ఉండద్దు."

"గట్లనే సేటు."

"గీకుతవా?"

"గీకకుంట ఏం జేస్త సేటు."

"ఇరవై ఏండ్ల సంది నువ్వు గీకిన గోడ ఒక్కటి చూపియ్యి."

హన్మంతు నవ్వాడు. జనగామలో అందరికీ తెలిసిన సంగతే. హన్మంతు చెయ్యి నున్నన, మనసు గరుకు అంటారు. పాత రంగును గరుకు కాయితంతో ఒకసారి నిమిరి, దాని మీదే గోడ నునుపుచేసే లప్పం పట్టించి, గీకిన కూలి తీసుకుంటాడు. ఏడాది తిరగకముందే గోడ పొరలు పొరలుగా ఊడుతుంది. అప్పుడు తడి వచ్చిందంటాడు. "మీ ఇంట్ల గూడ మోసం జేస్తనా సేటు" అన్నాడు.

"చేసినవంటే మళ్ళ నా కొట్లె అడుగు పెట్టవు" అని నర్సింగరావు తాళం చేతికిచ్చి విమానం ఎక్కాడు.

*

విమానంలో వనమాల సీట్లో తుల్సీబాయి మూట కూర్చుంది. తుల్సీబాయి మహబూబాబాద్ డీలర్ రాజేందర్ తల్లి. వాళ్ళది ఊరి బయటి తండా. రాజేందర్ భార్య జమున పచ్చి బాలింత కావడంతో, తల్లిని తీసుకుని బయలుదేరాడు. తండాలో వాళ్ళ భాషలో తల్లిని యాడీ అంటారు. అందరి ముందూ అతను అలాగే పిలిచేవాడు. ఆమె అద్దాల రవిక, వెండి కడియాలు ఎయిర్‌పోర్టులో మూడుసార్లు గంట మోగించాయి. మూటలో జొన్నరొట్టెలు, ఎల్లిపాయ కారం. పోలీసులు విప్పి చూసి, వాసన చూసి, మళ్ళీ కట్టి ఇచ్చారు.

హోటల్లో నర్సింగరావు గదిని భూపాలపల్లి మంగీలాల్‌తో పంచుకోవాల్సి వచ్చింది. అతని భార్యకు విమానమంటే భయం. మంగీలాల్ నిద్రలో కూడా వ్యాపారమే మాట్లాడేవాడు. భూపాలపల్లిలో బొగ్గు లారీల దుమ్ముకు తెల్ల గోడ రెండు నెలల్లో బూడిదవుతుందట. అందుకని మొదటి నుంచే బూడిద రంగు అమ్ముతాడట. "గిరాకీ వాడు దుమ్మును కొనుక్కుంటడు అన్న, మనం డబ్బాల పోసి ఇస్తం" అని తన మాటకు తనే నవ్వుకునేవాడు.

మాడ్రిడ్‌లో మొదటి రోజు ఫుట్‌బాల్ మైదానం. రెండో రోజు బజారు. మూడో రోజు మ్యూజియాలు. రంగుల వాళ్ళం కాబట్టి రంగులు చూడాలని కంపెనీ మేనేజరు ఆలోచన. గోయా అనే పెద్ద చిత్రకారుడి బొమ్మలు ఆ ఊళ్ళో నాలుగైదు చోట్ల ఉన్నాయట. చనిపోయి రెండు వందల ఏళ్ళవుతోంది. చూపించడానికి నాగపూర్ నుంచి చదువుకోవడానికి వచ్చి అక్కడే స్థిరపడ్డ ఒక పిల్లను పెట్టారు. హిందీలో చెప్పేది. అందరినీ అంకుల్, ఆంటీ అనేది.

పొద్దున్నే ఒక అకాడమీకి తీసుకుపోయింది. గాజు పెట్టెలో ఒక చెక్క పలక పెట్టి ఉంది. ఆయన రంగులు కలుపుకున్న పలక అట. డీలర్లందరూ దాని చుట్టూ మూగారు. ఎండిన రంగులు ముద్దలు ముద్దలుగా ఉన్నాయి.

"ఇంత చిన్నదా" అన్నాడు మంగీలాల్. "ఇసొంటోడు ఒక్కడు మన గిరాకీ అయితే మనం దుకాణం బంద్ జేసుకోవాలె."

తర్వాత ఒక చిన్న చర్చి. కప్పు మీద ఆయన వేసిన బొమ్మలు, కింద ఆయన సమాధి. మెడలు పడిపోయేలా పైకి చూశారు. ఎముకలు తెచ్చి పూడ్చినప్పుడు తల మాత్రం దొరకలేదని ఆ పిల్ల చెప్పింది. నర్సింగరావుకు చిరాకేసింది. తల లేని మనిషి సమాధి చూడడానికి పదిహేను గంటలు కాళ్ళు ముడుచుకుని కూర్చుని వచ్చామా అనుకున్నాడు. ఊళ్ళో డాక్టరు తన వెన్నునొప్పికి కూడా ఇంత దూరం పంపలేదు.

మర్నాడు పొద్దున ప్రాదో అనే పెద్ద మ్యూజియం. గది వెనక గది. రాజులు, రాణులు, దేవదూతలు. అందరికీ జలుబు చేసినట్టు ఎర్ర ముక్కులు. గోయా వేసిన రాజు కుటుంబం ముందు మంగీలాల్ ఆగాడు. "లగ్గం ఫొటో తీరుగున్నది. అందరు ఒక్కటే దిక్కు చూస్తాన్రు" అని తన ఫోను ఎత్తాడు. ఫొటోలు తీయకూడదని కాపలా ఆమె వచ్చి వేలు ఊపింది. అతను ఫోను దించి, ఆమె పోయాక మళ్ళీ ఎత్తాడు. మళ్ళీ వేలు. మూడోసారి నర్సింగరావు అతని చెయ్యి పట్టి కిందికి గుంజాడు. "ఇజ్జత్ తీయకు. భూపాలపల్లికి పోయి ఎవలికి చూపిస్తవు దీన్ని."

ఇంకో గదిలో పెద్ద బొమ్మ. తెల్ల చొక్కా వేసుకున్న మనిషి చేతులు రెండూ చాచి నిలబడ్డాడు. ఎదురుగా సిపాయిలు వరసగా తుపాకులు గురిపెట్టారు. తుల్సీబాయి దాని ముందు చాలాసేపు నిలబడింది.

"కాల్చెటోల్లకు మొగాలే పెట్టలే" అంది. "అందరి వీపులే."

"జాగ సరిపోలేదేమో యాడీ" అన్నాడు రాజేందర్.

"ఇంత పెద్ద బొమ్మల జాగ లేదార. మొగం ఇటు తిప్పనోనికి మొగమెట్ల గీస్తరు. ఉన్నది గీసిండు."

నర్సింగరావు కాళ్ళు పీకుతున్నాయి. బెంచీ కనబడితే కూర్చునేలోపే ఆ పిల్ల చెయ్యి ఊపి పిలిచేది. "అంకుల్, ఇప్పుడు అసలైన గది" అంది.

అసలైన గది నల్లగా ఉంది. గోడలు కాదు, బొమ్మలు. ఒక ముసలి రాక్షసుడు మనిషిని కొరుక్కు తింటున్నాడు. నోళ్ళు తెరిచిన గుంపు. మట్టిలో మోకాళ్ళ దాకా కూరుకుపోయి కర్రలతో కొట్టుకుంటున్న ఇద్దరు. ఇంత ఖర్చుపెట్టి రంగులు కొని, కరెంటు పోయిన ఇంటిని వేస్తాడా మనిషి అనుకున్నాడు నర్సింగరావు.

ఆ పిల్ల చెప్పింది. గోయాకు నడివయసులో జబ్బు చేసి చెవులు పోయాయి. భార్య పోయిన ఏడేళ్ళకు, డెబ్బై దాటాక, ఊరి బయట ఒక ఇల్లు కొన్నాడు. ఆ ఇంటి గోడల మీద వేసుకున్న బొమ్మలివి. ఎవరూ వేయమనలేదు. ఎవరికీ అమ్మలేదు. వీటికి పేర్లు కూడా ఆయన పెట్టలేదు, తర్వాతి వాళ్ళు పెట్టారు. రాణులనూ దొరసానులనూ అంతమందిని వేసిన మనిషి, ముప్పై తొమ్మిదేళ్ళు కాపురం చేసిన భార్యను వేసిన బొమ్మ అని ఖాయంగా చెప్పగలిగేది ఒక్క చిన్న గీతల బొమ్మేనట.

మంగీలాల్ నర్సింగరావు వైపు ఒకసారి చూసి, చూపు తిప్పుకున్నాడు. అది నర్సింగరావుకు కనబడింది.

"గోడ మీదనా?" అన్నాడు నర్సింగరావు. "గోడ మీద ఆయిల్ పెయింటా?"

"అవును అంకుల్."

"ముందు ఏం పూసిండు? ప్రైమరు లెక్క ఏమన్న?"

ఆ పిల్ల ఇన్నాళ్ళలో ఎవరూ అడగని ప్రశ్న అడిగినట్టు సంబరపడింది. ఉత్త ప్లాస్టరు మీదే వేశాడంది.

"పెచ్చులూడి ఉంటది" అన్నాడు నర్సింగరావు.

ఊడిందట. ఆయన పోయిన నలభై ఏళ్ళ చిల్లరకు ఇల్లు కొన్న దొర ఒకడు, బొమ్మలను గోడ నుంచి వొలిపించి గుడ్డ మీదికి ఎక్కించాడట. వొలిచేటప్పుడు చాలా పోయిందట. పోగా మిగిలింది ఇది.

"పనితనం తెల్వని మనిషి" అన్నాడు నర్సింగరావు. గొంతు పెరిగింది. "గోడను తయారు చెయ్యకుంట ఎవడన్న రంగు పూస్తడా. నా దగ్గరికి వస్తే చెంప మీద కొట్టి చెప్తుంటి. దీన్ని చూసుడు కోసం మంది వరుస కడ్తాన్రు."

"ఇంకో సంగతి అంకుల్" అంది ఆ పిల్ల. "వీటిలో కొన్నింటి కింద వేరే బొమ్మలున్నాయి. ముందు ఏవో వేసి, వాటి మీద ఇవి వేశారు. ఎక్స్‌రే తీస్తే బయటపడ్డాయి. పైన ఎంత పూసినా కింద ఉన్నది ఎక్కడికీ పోలేదు."

నర్సింగరావు రాక్షసుడి బొమ్మ దగ్గరికి జరిగి రంగు అంచులు చూశాడు.

తుల్సీబాయి ఆ మాటలేవీ వినడం లేదు. గదిలో ఒక మూలకు పోయి నిలబడింది. అక్కడ ఒక నిలువు బొమ్మ. పైనంతా పసుపు మరక. కింద మట్టిదిబ్బ. దిబ్బ అంచున ఒక కుక్క తల. ఒళ్ళు కనబడదు. తల పైకెత్తి దేన్నో చూస్తోంది. చూస్తున్న చోట ఏమీ లేదు.

"గిదేంది, పని సగంల ఇడిసిపెట్టిండు" అన్నాడు మంగీలాల్.

"ఆ కుక్క ఎవల్ని చూస్తాంది?" అంది తుల్సీబాయి.

"పైన ఏం లేదు గద యాడీ."

"లేకపోతే గట్ల చూడది. మనిషిని చూస్తాంది. మనిషి బొమ్మల లేడు, అంతే. అయినా ఆ చూపు జూడు. ఎన్నొద్దుల సంది చూస్తాందో పాపం."

నర్సింగరావు ఆ తలను చూశాడు. దుప్పటి అంచు మీద అలాంటి తల ఒకటి అతనికి తెలుసు. పదకొండు నెలలు అది దేన్ని చూసిందో తెలియదు. ఏం చూసిందో గోడ మీద గీసింది. అతను పూశాడు. మళ్ళీ గీసింది. మళ్ళీ పూశాడు. ఇప్పుడు మనిషిని పెట్టి గీకిస్తున్నాడు.

"రాజేందర్" అన్నాడు. "నీ ఫోన్ల జనగామకు కలుపు."

"ఇప్పుడా అన్న? ఆడ పగలు మూడు నాలుగైతది."

"కలుపుమన్న గద."

గదిలో మాట్లాడవద్దని కాపలా ఆమె చెయ్యి చూపించింది. ఇద్దరూ మెట్ల దగ్గరికి వచ్చారు. నాలుగోసారికి హన్మంతు ఎత్తాడు.

"సేటు, నమస్తే. స్పెయిన్ ఎట్లున్నది? చలి ఉన్నదా?"

"గోడ ముట్టుకున్నవా?"

"ముట్టుకునుడేంది సేటు, నిన్ననే అయిపోయింది. పాలు పొంగినట్టు మెరుస్తాంది."

నర్సింగరావు మెట్టు మీద కూర్చున్నాడు.

"గీకినవా?"

"గీకిన."

"నిజం చెప్పు హన్మంతూ. గీకకపోయినా ఏమనను."

ఇరవై ఏళ్ళలో సేటు నోట ఏమనను అన్న మాట హన్మంతు వినలేదు. అది ఉచ్చు అని అతనికి అర్థమైంది.

"మా అవ్వ మీద ఒట్టు సేటు. ఇటుక కనబడేదాంక గీకిన. దుమ్ముకు మూడు దినాల సంది దగ్గు. వినుండ్రి." దగ్గి వినిపించాడు.

"నువ్వు మోసగానివని నాకు తెలుసు. ఒక్క ముక్క చెప్పు. గీకలేదని చెప్పు."

"పాతయి యాది చేసుకోకుండ్రి సేటు. గీ పని మాత్రం పక్కా. మీరొచ్చి సుత్తెతోని కొట్టి చూసుకోండ్రి. గీకకుంటే నా పేరు హన్మంతే కాదు."

నర్సింగరావు ఫోను రాజేందర్ చేతిలో పెట్టాడు.

"మంచిగనే చేసిండట గద అన్న" అన్నాడు రాజేందర్. "ఇంక పరేషాన్ ఎందుకు?"

"అదే పరేషాన్" అన్నాడు నర్సింగరావు. "వానికి బుద్ధి వచ్చి వచ్చి ఇప్పుడే రావాల్నా."

మిగిలిన నాలుగు రోజులు అతను బస్సు దిగలేదు. సముద్రం చూపించారు, చూడలేదు. మంగీలాల్ ఎన్నిసార్లు అడిగినా ఒకటే జవాబు. కాళ్ళ నొప్పి. విమానంలో తుల్సీబాయి తన మూటను కాళ్ళ దగ్గరికి దించుకుని, పక్క సీటు ఖాళీ చేసి పెట్టింది. అడగకుండానే. తనకేదో తెలిసినట్టు మొహం కూడా పెట్టలేదు. ఆ ప్రయాణంలో అతనికి నచ్చిన మనిషి ఆమె ఒక్కతే.

*

సికింద్రాబాద్‌లో రైలెక్కి జనగామలో దిగేసరికి మధ్యాహ్నం. హన్మంతు దుకాణం అరుగు మీదే కూర్చుని ఉన్నాడు. సేటును చూడగానే లేచి ముందు దగ్గాడు.

నర్సింగరావు చెప్పులు విడవలేదు. దుకాణంలో అర మీద నుంచి లప్పం పట్టే ఇనుప రేకు ఒకటి తీసుకుని నడవలోకి పోయాడు. హన్మంతు వెనకే వచ్చాడు.

గోడ తెల్లగా ఉంది. నున్నగా ఉంది. ఎక్కడా వంక పెట్టడానికి లేదు. ఇంత అందంగా ఆ ఇంట్లో ఏ గోడా ఎన్నడూ లేదు. నర్సింగరావు దాని ముందు నిలబడ్డాడు. నేల మీద చూశాడు. గీకిన గోడ అయితే మూలల్లో ఆకుపచ్చ పొడి మిగలాలి, ఎంత ఊడ్చినా మిగులుతుంది. గచ్చు పగుళ్ళలో వేలు పెట్టి చూశాడు. తెల్ల పొడే. వేలు ప్యాంటుకు తుడుచుకున్నాడు. ఆశ పెట్టుకోవడం అలవాటు తప్పిన మనిషి. ఇంకో పగులులో వేలు పెట్టాడు.

"ఏం చూస్తాన్రు సేటు? పక్కా పని" అన్నాడు హన్మంతు.

నర్సింగరావు వేలి కణుపుతో గోడను తట్టాడు. బోలుగా మోగింది. రేకు అంచును మూలన పొడిచి కిందికి ఒత్తాడు. తెల్ల పొర లేచింది. మెల్లగా లాగాడు. కాచిన పాల మీది మీగడలా చెయ్యెడల్పు తునక ఊడి వచ్చింది.

కింద గీతలున్నాయి.

హన్మంతు గోడకు జరిగాడు. "సేటు, అది తడి వచ్చి..."

"తడి లేదు ఏం లేదు. గీకలేదు నువ్వు."

"గీకిన సేటు, గా ఒక్క జాగల మాత్రం..."

"నోర్మూసుకో. మీ అవ్వ మీద ఒట్టు పెట్టినవు గదరా."

"అవ్వ పోయి పదేండ్లాయె సేటు" అన్నాడు హన్మంతు తల వంచుకుని. "ఆమెకేం గాదు."

నర్సింగరావు నోట్లో ఎప్పుడూ ఉండే తిట్లు ఆ రోజు రాలేదు. ఆ మనిషిని జీవితంలో మొదటిసారి మెచ్చుకోవాలనిపించింది. అనలేదు. అంటే రేపటి నుంచి ఇంకెవరి గోడా గీకడు.

"పోయి కొట్లె కూసో" అన్నాడు. "గిరాకీ వస్తే చూడు. ఇటు రాకు."

హన్మంతు బతికిపోయినట్టు నడవలోంచి పోయాడు.

నర్సింగరావు పొర మీద పొర తీశాడు. లప్పం కింద మూడోసారి గీరినవి. దాని కింద తను పూసిన పొర. అది ఇంకా తేలిగ్గా ఊడింది. తను కూడా గీకకుండా పూసినదే. దాని కింద రెండోసారివి. ఇంకో పొర. కింద ఆకుపచ్చ మీద మొదటిసారి గీరినవి, లోతుగా, పిన్నీసు పట్టు దొరకని ఎడమ చేతి వంకర గీతలు. నిలువు డబ్బా. బోర్లించిన కుండ. గుండ్రటి కాయ. ఒక కాయ మీద సోమక్క పెట్టిన కుంకుమ, తను పూసిన రంగు తడికి పాకి, ఇంకా ఎర్రగానే ఉంది.

గంట గడిచింది. నిలబడి చూస్తే అవి దేనిలాగా కనబడలేదు. గుడి కాదు. కక్ష అసలే కాదు. మంచాన్ని హన్మంతు పని కోసం పక్క గదిలోకి జరిపాడు. దాన్ని ఈడ్చుకొచ్చి, గోడ వారగా, ఎప్పుడూ ఉండే చోట వేశాడు. నడుం నొప్పి పుట్టింది. కూర్చున్నాడు. తర్వాత, ఎవరూ చూడడం లేదు కదా అని, పడుకున్నాడు. ఆమె తల ఉండే చోట తల పెట్టి, ఆమె చూసినట్టు తల పక్కకు తిప్పాడు. గీరనప్పుడు ఆమె తల అటే తిరిగి ఉండేది.

గది తలుపు. దాని అవతల పొడుగాటి నడవ. నడవ చివర దుకాణం గుమ్మం, నిలువుగా, వెలుతురుతో. గుమ్మంలో రోజంతా తను కూర్చునే కుర్చీ. కుర్చీలో హన్మంతు వీధి వైపు తిరిగి కూర్చున్నాడు. నడుము దగ్గర వెడల్పుగా, పైకి పోను పోను గుండ్రంగా, వీపు. వీపు మీద తల. తలకు ఇటువైపు మొహం లేదు.

నర్సింగరావు గోడ వైపు చూశాడు. మళ్ళీ గుమ్మం వైపు చూశాడు.

ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టలేదు. కానీ ప్రతిదాన్నీ చూశాడు. పై పొరలో వెతికాడు, చేతిలో విరిగిన తునకల వెనక వెతికాడు, ఆకుపచ్చ మీద వెతికాడు. ఒక్క కాయకైనా కళ్ళు పెట్టిందేమో, ఒక్కసారైనా తను ఇటు తిరిగినట్టు గీసిందేమో అని. పెట్టలేదు. సోమక్క బొట్టు పెట్టింది కూడా తల వెనకే. వనమాల మనిషి మీద లేనిది గీసే రకం కాదు.

"హన్మంతూ" అని పిలిచాడు.

గట్టిగా కూడా పిలవలేదు. కుర్చీలో వీపు కదిలింది. హన్మంతు ఇటు తిరిగాడు. వెలుతురు వెనక ఉన్నా మొహం స్పష్టంగా కనబడింది. కళ్ళు, మీసం, భయం అన్నీ.

"ఏంది సేటు?"

పిలిస్తే తిరిగాడు. అంతే పని. గొంతు ఉన్నవాళ్ళకు ఎంతసేపు.

"ఏంది సేటు, మళ్ళ పుయ్యాల్నా?"

"ముట్టుకున్నవంటే చేతులు ఇరగ్గొడ్త" అన్నాడు నర్సింగరావు. "అటు తిరుగు."

హన్మంతు వీధి వైపు తిరిగాడు. నర్సింగరావు మంచం మీద నుంచి లేవలేదు. పొద్దు గుంకి, దుకాణం గుమ్మంలో వెలుతురు పోయి, ఆ వీపు కనబడకుండా అయ్యేదాకా దాన్నే చూస్తూ పడుకున్నాడు.